రికార్డులు తెప్పించుకో

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ప్రభుత్వ కళాశాలలో బయాలజీ డిగ్రీ కోర్సు ఎలా నడుస్తోందో పరిశీలించే కమిటీలో నిన్ను వేశారని చదివి చాలా సంతోషమేసింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నావు కదా. ఇదే పని మీద కొన్ని కాలేజీలు చూసినవాడిగా నాకు తోచింది రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

వెళ్ళగానే నీ ముందు ఫైళ్ళు పెడతారు. పాస్ శాతం, సెమినార్ల ఫొటోలు, పరికరాల జాబితా. అవీ చూడాల్సిందే, కానీ వాటితోనే పొద్దుపుచ్చకు. పిల్లల ప్రాక్టికల్ రికార్డులు తెప్పించుకో. బాగా రాసినవాళ్ళవి రెండు మూడు ఏరి ఇస్తారు, అవి చాలవు, క్లాసు మొత్తానివి అడుగు. జెనెటిక్స్ పేజీ తియ్యి. డ్రోసోఫిలా అనే పండ్ల ఈగల డైహైబ్రిడ్ క్రాస్‌లో, అంటే రెండు లక్షణాల్లో తేడా ఉన్నవాటిని కలిపి చూసే ప్రయోగంలో, రెండో తరానికి నాలుగు రకాల ఈగలు 9:3:3:1 నిష్పత్తిలో రావాలని పుస్తకంలో ఉంటుంది. 160 ఈగలకి 90, 30, 30, 10 అని అందరి రికార్డుల్లోనూ ఉందనుకో, ఎవరూ ఈగల్ని లెక్కపెట్టలేదన్నమాటే. నిజంగా లెక్కపెడితే ఏ 97, 26, 31, 6 లాంటి వంకర అంకెలో వస్తాయి. అవి చూసి పిల్లలు ముందు కంగారుపడతారు. వచ్చిన అంకెలు రావాల్సినవాటికి ఎంత దూరమో కొలిచే కై స్క్వేర్ లెక్క వేస్తే దాదాపు 2.7 వస్తుంది, దాటితే అనుమానించాల్సిన హద్దు (5 శాతం దగ్గర) 7.815, కాబట్టి ఆ మాత్రం తేడా యాదృచ్ఛికంగానే రావచ్చని వాళ్ళంతట వాళ్ళే తేల్చుకుంటారు. సైన్సు చదవడమంటే నా దృష్టిలో ఇదేరా. ఆ వంకర అంకెలకి మార్కులు కోసే ల్యాబులో పిల్లలకి నిజాయితీ ఎలా అబ్బుతుంది చెప్పు?

తర్వాత ల్యాబులోకి వెళ్ళు. ఫైనలియర్ వాళ్ళని ఒకరిని పిలిచి, ఉల్లి వేరు కొనతో స్లైడు చేసి విభజనలో ఉన్న కణం చూపించమను. ఆమ్లంలో మెత్తబరిచి, అసిటోకార్మైన్ రంగు పట్టించి, కవర్ స్లిప్ మీద బొటనవేలితో నొక్కే తీరులోనే ఆ చెయ్యి ఎన్నిసార్లు ఆ పని చేసిందో నీకు తెలిసిపోతుంది. మైక్రోస్కోపులో ముందు 10ఎక్స్ లెన్సుతో వెతికి ఆ తర్వాత 40కి వెళ్తున్నారా, తిన్నగా పెద్ద లెన్సు తిప్పేస్తున్నారా గమనించు. 100ఎక్స్ లెన్సుకి స్లైడు మీద ఆయిల్ చుక్క వెయ్యాలి, ఆ ఆయిల్ సీసా సీలు విప్పకుండా ఉంటే ఆ లెన్సు ఎవరూ వాడలేదని అర్థం.

డీఎన్ఏకి కాపీలు తీసే పీసీఆర్ యంత్రం ఉంటే తప్పకుండా చూపిస్తారు. పక్కనున్న ఫ్రీజర్ కూడా తెరిపించు. ఆ కాపీలు తీసే ఎంజైము టాక్ పాలిమరేజ్ ఉందా, గడువు దాటిందా? యంత్రం ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి ఉంటుంది, ఎంజైములూ, కాపీ మొదలవ్వడానికి కావాల్సిన చిన్న డీఎన్ఏ ముక్కలు ప్రైమర్లూ మాత్రం మళ్ళీ మళ్ళీ కొనాలి. చాలాచోట్ల ఆ డబ్బే రాదు. అందుకు అధ్యాపకుల్ని తప్పుపట్టడం అన్యాయం. నిధులిచ్చేవాళ్ళకి తగిలేలా నివేదికలో మొహమాటం లేకుండా రాయి. ఖాళీగా ఉన్న పోస్టుల సంగతీ అంతే.

పరీక్ష పేపర్లు పాతవి నాలుగైదు తిరగెయ్యి. అన్నీ 'వివరించుము' ప్రశ్నలేనా, ఒక గ్రాఫో, డీఎన్ఏ ముక్కలు గీతలుగా కనిపించే జెల్ ఫొటోనో ఇచ్చి ఏమర్థమైందని అడిగినవి ఉన్నాయా చూడు. పాఠం చెప్పే తీరు కూడా అంతే ముఖ్యం. డిగ్రీ స్థాయి సైన్సు, ఇంజనీరింగ్, గణితం తరగతుల మీద జరిగిన 225 అధ్యయనాలని కలిపి 2014లో ఒక విశ్లేషణ చేశారు. ఉపన్యాసం ఒక్కటే నడిచిన క్లాసుల్లో సగటున 33.8 శాతం మంది ఫెయిలైతే, పిల్లల చేత ఆలోచింపజేసి, చర్చింపజేసిన క్లాసుల్లో 21.8 శాతం. ల్యాబుకి డబ్బు లేకపోయినా ఈ మార్పు చేసుకోవచ్చు కదా!

ఇంకొకటి, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. పాస్ శాతం చెప్పినప్పుడు, ఎంతమందిలో అని అడుగు. పరీక్ష రాసినవాళ్ళలో 90 శాతం పాసయ్యారంటే వినడానికి బాగుంటుంది. మొదటి ఏడాది చేరినవాళ్ళు 60 మంది, చివరి పరీక్షకి మిగిలింది 30 మందే అయితే, పాసైంది 27 మంది, అంటే చేరినవాళ్ళలో సగంకంటే తక్కువ. మిగతావాళ్ళు ఏమయ్యారు? పనిలో చేరారా, కెమిస్ట్రీ దగ్గర ఆగిపోయారా, ఫీజు కట్టలేకపోయారా? ప్రభుత్వ కళాశాలకి వచ్చే పిల్లల్లో చాలామందికి ఇంట్లో పాఠం చెప్పేవాళ్ళుండరు. ఏరి చేర్చుకున్న పెద్ద సంస్థ ర్యాంకులతో వాళ్ళ మార్కుల్ని పోల్చి ఈ కోర్సు పనికిరాదని రాయకు. చేరిన రోజు వాళ్ళకి ఏమొచ్చు, వెళ్ళేనాటికి ఏమొచ్చు, అది తూచు.

పిల్లలతో మాట్లాడేటప్పుడు అధ్యాపకులెవరూ గదిలో లేకుండా చూసుకో. ల్యాబ్ అసిస్టెంట్‌తో కూడా కాసేపు కూర్చో, ఏ ప్రయోగం జరుగుతుందో, ఏది కాగితం మీదే ఉందో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

చిత్తుప్రతి రాయగానే నాకు పంపు, మానేసినవాళ్ళ లెక్క అందులో తప్పకుండా పెట్టు.

నీ
మిత్రుడు