అమ్మలూ, ఆ క్యాప్సూల్స్ ఇప్పుడే కొనకు

అమ్మలూ,

రాత్రి ఫోన్లో కడుపు ఉబ్బరంగా ఉంది, రోజుకి ఐదారుసార్లు బాత్రూమ్‌కి వెళ్తున్నా అని మామూలుగా చెప్పేసి టాపిక్ మార్చేశావ్ గానీ నాకు నిద్ర పట్టలేదురా. జలుబుకి డ్రాయర్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్స్ వేసుకున్నా అన్నావే, నా మనసంతా అక్కడే ఆగిపోయింది. జలుబు వైరస్ వల్ల వస్తుంది తల్లీ, ఆ మాత్రలు వైరస్‌ని ఏమీ చెయ్యలేవు, పేగుల్లో ఉన్న మన బాక్టీరియాని మాత్రం చంపుతాయి.

వాటిని చిన్నచూపు చూడకు. ఒంట్లో దాదాపు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయని 2016లో లెక్కగట్టారు, మన సొంత కణాలు కూడా ఇంచుమించు అన్నే అంట, అందులో చాలావరకు పెద్దపేగులోనే ఉంటాయి. పీచుని అరిగించే ఎంజైములు మనకి లేవు, అది అలాగే పెద్దపేగు దాకా వెళ్తే ఇవి దాన్ని పులియబెట్టి బ్యుటిరేట్ లాంటివి తయారుచేస్తాయి, ఆ పేగు లోపలి పొర కణాలకి ముఖ్యమైన ఆహారం ఆ బ్యుటిరేటే. ఇది మొదటిసారి చదివినప్పుడు ఎంతసేపు ఆలోచించానో! ఇవి తగ్గిపోతే అరగకుండా మిగిలిన పిండిపదార్థాలు నీళ్ళని పేగులోకి లాగుతాయి, విరేచనాలు అవడానికి అదొక కారణం.

నీకెప్పుడూ చెప్పలేదు గానీ, కొన్నేళ్ళ క్రితం పంటి నొప్పికి యాంటీబయాటిక్ కోర్సు వాడాక నాకూ ఇలాగే మొదలైంది. నేనూ నీలాగే దాచా. నాలుగో రోజు రాత్రి మూడింటికి బాత్రూమ్ గోడ పట్టుకుని నిలబడ్డా, కాళ్ళు వణుకుతున్నాయి, ఒళ్ళు కాలిపోతోంది, మీ అమ్మ తలుపు కొడితే ఏం లేదు పడుకో అన్నా. టెస్టులో క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే చెడ్డ బాక్టీరియా పేగులో ఉందని తేలింది. మంచి బాక్టీరియా నిండుగా ఉన్నంతకాలం దానికి పెరగడానికి చోటు దొరకదు, అవి పోగానే ఇది విజృంభిస్తుంది. ఇది మళ్ళీ మళ్ళీ తిరగబెట్టే పేషెంట్లకి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మలంలోని బాక్టీరియాని ఎక్కించి చూశారు, 2013లో వచ్చిన ఆ ట్రయల్లో 16 మందిలో 13 మందికి మొదటిసారికే తగ్గింది. వినడానికి అసహ్యంగా ఉన్నా, పోయినవాటిని తిరిగి నింపితేనే జబ్బు పోయిందంటే వాటి విలువేంటో చూడు.

ప్రోబయాటిక్ క్యాప్సూల్స్, అంటే మంచి బాక్టీరియా నింపిన మాత్రలు, ఆర్డర్ పెట్టనా అన్నావ్. ఇప్పుడే వద్దు. 2018లో ఇజ్రాయెల్ పరిశోధకులు చూస్తే, యాంటీబయాటిక్ తర్వాత అవి వేసుకున్నవాళ్ళలో సొంత బాక్టీరియా తిరిగి కోలుకోవడం ఇంకా లేటయింది. చిన్న స్టడీనే, అదే ఆఖరి మాట అనను, కానీ నీకు నువ్వే మొదలుపెట్టకు, డాక్టర్నే అడుగు. విరేచనాలు ఆపే మాత్ర కూడా సొంతంగా వేసుకోకు, లోపల నాకొచ్చిన ఆ డిఫిసిల్ క్రిమి ఉంటే ప్రమాదం. ఓఆర్ఎస్ తాగుతూ ఉండు. కడుపు కుదుటపడ్డాక పప్పుధాన్యాలు, కూరగాయలు, పళ్ళు కొద్దికొద్దిగా పెంచు, ఒక్కసారిగా పెంచితే గ్యాస్ పట్టేస్తుంది.

ఇవాళే డాక్టర్ దగ్గరికి వెళ్ళు, ఏ మాత్రలు ఎన్ని రోజులు వేసుకున్నావో దాచకుండా చెప్పు, స్ట్రిప్ కూడా తీసుకెళ్ళు. జ్వరం వచ్చినా, రక్తం కనపడినా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళి నాకు ఫోన్ చెయ్యి, ఫోన్ పక్కనే పెట్టుకుని పడుకుంటా.

నాన్న