చార్టర్ మారకుండానే మారిన కుర్చీలు

సంపాదకులకు నమస్కారం.

ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో భారత్‌కు శాశ్వత సభ్యత్వం అనే మాట వచ్చినప్పుడల్లా పత్రికల్లో వ్యాసాలు ఒక్కచోటే ఆగిపోతున్నాయి: చార్టర్‌ను, అంటే సమితి మూల నిబంధనల పత్రాన్ని సవరించాలి, దానికి అయిదు శాశ్వత సభ్య దేశాలూ ఒప్పుకోవాలి, అవి ఒప్పుకోవు. ఏళ్ల తరబడి చరిత్ర పాఠం చెప్పినవాడిగా నాకు ఈ వాదన సగమే నిజమనిపిస్తుంది. చార్టర్ 23వ అధికరణ తెరిస్తే శాశ్వత సభ్యుల్లో సోవియట్ యూనియన్ పేరు, రిపబ్లిక్ ఆఫ్ చైనా పేరు ఇప్పటికీ అలాగే కనిపిస్తాయి. 1971లో జనరల్ అసెంబ్లీ (సభ్య దేశాలన్నీ కూర్చునే సభ) తీర్మానంతో, రిపబ్లిక్ ఆఫ్ చైనా పేరుతో కూర్చున్న తైవాన్ ప్రభుత్వ ప్రతినిధులు లేచిపోయి బీజింగ్ ప్రతినిధులు వచ్చి కూర్చున్నారు. 1991 డిసెంబరులో రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ పంపిన లేఖతో సోవియట్ కుర్చీ రష్యాదైంది. ఒక్క అక్షరం దిద్దలేదు.

దిద్దిన సందర్భమూ ఉంది. వలసలు కూలి కొత్త దేశాలు వచ్చి చేరాక, మండలిని 11 మంది నుంచి 15 మందికి పెంచాలని 1963లో అసెంబ్లీలో ఓటింగు జరిగితే ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ వ్యతిరేకించాయి, అమెరికా, బ్రిటన్ తటస్థంగా ఉన్నాయి. రెండేళ్లు తిరక్కుండానే అవే దేశాలు ఆ సవరణను ఆమోదించాల్సి వచ్చింది. కాబట్టి 'ఒప్పుకోవు' అన్నది శాశ్వత సత్యమేమీ కాదు.

పరిణామాల వెనక మండలి ఎంత నెమ్మదిగా నడుస్తుందో మా నల్లగొండ ప్రాంతానికి వేరే చెప్పనక్కర్లేదు. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం భారత్ మీద మండలికి ఫిర్యాదు పంపింది. పారిస్‌లో మండలి దాన్ని చర్చకు తీసుకున్నది సెప్టెంబరు 16న. మరునాడే నిజాం లొంగిపోయాడు. విజయవాడ రోడ్డు మీద మిలిటరీ లారీలు పోతుంటే ఊరంతా గట్టున నిలబడి చూసిందని మా నాయన చెప్పేవాడు. పారిస్ సంగతి ఆయనకు చివరిదాకా తెలియదు.

ఉక్రెయిన్ విషయంలో జరిగింది దీనికంటే అన్యాయం. 2022 ఫిబ్రవరి 25న 11 దేశాలు బలపరిచిన తీర్మానాన్ని యుద్ధం చేస్తున్న రష్యాయే వీటో చేసింది, ఆ నెల మండలి అధ్యక్షస్థానం కూడా దానిదే. మన దేశం ఓటింగుకు దూరంగా ఉంది. గాజా కాల్పుల విరమణ తీర్మానాలను అమెరికా పదే పదే ఆపింది. శాంతియుత పరిష్కారాల అధ్యాయం కింద తీసుకునే నిర్ణయాల్లో వివాదంలో ఉన్న పక్షం ఓటు వేయకూడదని 27వ అధికరణ మూడో క్లాజులో రాసే ఉంది. దాన్ని పట్టించుకునే నాథుడు లేడు.

ఇదంతా దూరపు గొడవ అనుకునేవారు 2025 వానాకాలంలో మా మండలంలో యూరియా కోసం తెల్లవారకముందే వరుసలో పెట్టిన చెప్పుల జతలు చూసి ఉండాల్సింది. దానికి ఇక్కడి లోపాలూ ఉన్నాయి, కాదనను. అయితే చైనా ఎగుమతులు బిగించడం, పశ్చిమాసియా ఉద్రిక్తతలు కూడా ఆ వరుసను పొడిగించాయి.

అందుకే మన ప్రభుత్వం కుర్చీ అడగడంతో సరిపెట్టకుండా, ఉన్న ఆ క్లాజును అమలు చేయాలని, ఆ కట్టుబాటు రేపు తనకూ వర్తిస్తుందని ముందే ఒప్పుకుని, గట్టిగా అడగాలి. మీరు ఆ అధికరణ తెలుగు పాఠాన్ని ఒకసారి ప్రచురిస్తే మా గ్రంథాలయం నోటీసు బోర్డుకు అంటిస్తాను.

– ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
నకిరేకల్, నల్లగొండ జిల్లా