నరేషూ, ఆ కాయితం మీద సంతకం పెట్టకు

నల్లగొండ

నరేషూ,

మీ సోలార్ ప్యానెల్ కంపెనీ దివాలా తీసిందని, రాజీనామా రాసిస్తే బకాయి తొందరగ ఇస్తమంటున్నరని రాసినవు. ఎవ్వరడిగినా సంతకం పెట్టకురా. నీ అంతట నువ్వే మానేసినట్టయితే, సర్వీసు ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన వచ్చే రిట్రెంచ్‌మెంట్ పరిహారం, అంటె కంపెనీ పనిల నుంచి తీసేస్తె ఇచ్చే పైసలు, పోతది.

ఎన్‌సీఎల్‌టీ, అంటె కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్, కేసు తీసుకున్నంక యజమాని ఇంటికి తిరిగి లాభం లేదు. లెక్కలన్నీ ఆ కేసుల కంపెనీని చూసుకునేటందుకు పెట్టిన రిజల్యూషన్ ప్రొఫెషనల్ చేతికి పోతయి. కంపెనీ మీద వేరే కోర్టుల దావాలు కూడ ఆగిపోతయి, వకీలుకు పైసలు పోయకు. రావాల్సిన బకాయికి క్లెయిమ్‌లు వెయ్యుమని పేపర్ల ప్రకటన పడ్తది, అండ్ల ఆఖరు తారీఖు ఉంటది. ఫారం-బి సరుకిచ్చినోళ్లది, ఫారం-సి బ్యాంకులది, నీది ఫారం-డి. పనోళ్లందరు కలిసి ఒక్క ప్రతినిధితోని వేస్తే ఫారం-ఇ.

క్లెయిమ్‌ల జీతం బకాయి, గ్రాట్యుటీ, పీఎఫ్ మూడూ వేర్వేరుగ రాయి. అన్నీ కలిపి ఒక్క అంకె వేస్తే నీకే నష్టం. కంపెనీని లిక్విడేషన్‌ల అమ్మితే జీతం బకాయి బ్యాంకులతోని పాటు వరుసల నిలవడాలె. పీఎఫ్, గ్రాట్యుటీ నిధులు మాత్రం ఆ అమ్మకం సొమ్ముల కలవవు. సీడీలు చేసి, సోలార్‌లకు కూడ దిగిన మోజర్ బేర్ 2018ల లిక్విడేషన్‌కు పోతే, కార్మికుల యూనియన్ కొట్లాడింది. 2019ల ఎన్‌సీఎల్‌టీ మీది అప్పీలు ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌ఏటీ కార్మికుల దిక్కే తీర్పిచ్చింది.

గ్రాట్యుటీ లెక్క సులువే. బేసిక్, డీఏ కలిపి 13,000 అనుకో. నెలకు 26 పనిదినాల లెక్కన 26తోని భాగిస్తే 500, దాన్ని 15తోని గుణిస్తే 7,500. ఆరేండ్లకు 45,000.

ఇంకోటి, చానమందికి తెల్వదు. వర్క్‌మెన్‌కైతే, అంటె కార్మికులకైతే, 24 నెలల బకాయి బ్యాంకుల సరసన ఉంటది. మిగతా ఉద్యోగులకు 12 నెలలదే, అదీ వాళ్ల కింద. ఐడీ కార్డు మీద ‘ఎగ్జిక్యూటివ్’ అని కొట్టినా, దినమంత లామినేటర్ మిషన్ నడిపినోడు వర్క్‌మెనే. చేసిన పనిని చూస్తరు గని హోదాను కాదు. డ్యూటీ చార్టులు, షిఫ్ట్ రిజిస్టర్ ఫొటోలు దాసిపెట్టు.

పేస్లిప్పులు ఇయ్యాల్నే దించుకో, సర్వర్ బిల్లు కట్టకుంటే పోర్టల్ మూతవడ్తది. వాటిని పీఎఫ్ పాస్‌బుక్ పక్కన పెట్టి నెలనెలా సూడు. జీతంల కోసినరు, ఖాతాల పడలేదంటే ఆ నెలలు రాసి పీఎఫ్ ఆఫీసుల ఫిర్యాదియ్యి. హెచ్ఆరోళ్లు పోయినంక ఎగ్జిట్ తారీఖు, అంటె కొలువు ఆగిన తారీఖు, వేసేటోడుండడు, అది లేకుంటే పీఎఫ్ సెటిల్‌మెంట్ ఆగుతది. ఆఖరు చందా పడ్డ రెండు నెలలకు పీఎఫ్ వాళ్ల యూఏఎన్ పోర్టల్‌ల ‘మార్క్ ఎగ్జిట్’ నువ్వే కొట్టొచ్చు. ఆధార్‌కు కలిపిన ఫోన్ చాలు.

పని సంగతంటవా, రావిర్యాల దిక్కు ప్యానెల్ లైన్లు నడుస్తనే ఉన్నయి. 156 మిల్లీమీటర్ల సెల్లుకు కట్టిన పాత స్ట్రింగర్, అంటె సెల్లులను వరుసగ టంకం పెట్టే మిషన్, 182 సెల్లుకు పనికిరాదు గని, నీ కన్ను పనికొస్తది. బయోడేటాల ‘హెల్పర్’ అని రాయకు. సెల్లుకు కరెంటు పెట్టి తీసే ఈఎల్ ఫొటోల సన్న పగులు, టంకం అంటని రిబ్బను పట్టుకుంటనని రాయి.

ఫారం-డి నింపినంక పంపే ముందు నాకు వాట్సాప్ చెయ్యి, లెక్క సూస్త.

నీ
శ్రీను