ఆ చుక్కలు ఆపకండి

సంపాదకులు గారికి,

మా ఇంట్లో కొత్త గీజరు బిగించిన పదకొండో రోజున కింది ఫ్లాటావిడ పైకి వచ్చింది. "అక్కా, మా బాత్రూమ్ గోడ చెమ్మగా ఉంది, ఒకసారి వచ్చి చూస్తారా?" అంది. వెళ్లి చూస్తే గోడకీ సీలింగుకీ మధ్య మూలలో అరచేయంత మరక. నెల తిరిగేసరికి అది తలుపంత అయింది. పెయింటు బొబ్బలెక్కి రాలడం మొదలుపెట్టింది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడంతోనే నాకు టెన్షన్ ఎక్కువైంది.

గీజరు కంపెనీకి ఫోన్ చేస్తే మనిషిని పంపారు. అతను ట్యాంకు చుట్టూ చెయ్యి పెట్టి తడిమి, "మా గీజరు పొడిగా ఉంది మేడమ్. గోడలో పైపులు మా కిందికి రావు" అని సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. ఆ మాట నిజమే, గీజరు పొడిగానే ఉంది. తర్వాత ప్లంబరును పిలిచాను. చేతి పంపు, ప్రెజర్ గేజీ తెచ్చి చన్నీళ్ల లైను పరీక్షించాడు. అరగంటసేపు ముల్లు కదల్లేదు. "లైను బాగుందమ్మా, గీజరు వాళ్లనే అడగండి" అన్నాడు. వేడినీళ్ల లైను కూడా చూడమంటే, "అందులోకి వెళ్లేవీ ఈ నీళ్లే కదా" అన్నాడు. రెండో ప్లంబరు వచ్చి చూడనైనా చూడకుండానే టైల్స్ మొత్తం తీసేద్దామన్నాడు. సరేనని అతనికి రోజు కూడా చెప్పేశాను.

ఈలోగా కింది ఆవిడ ఒక మాట చెప్పింది. మరక పొద్దున పూట తడిగా ఉంటుందట, రాత్రికి కాస్త ఆరుతుందట. మేం ఊరెళ్లిన నాలుగు రోజులూ అసలు పెరగలేదట. అంటే ఈ లీకుకు ఒక టైమ్‌టేబుల్ ఉంది! అప్పుడు నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. కొత్త గీజరు వచ్చినప్పటి నుంచి పొద్దున్నే వేడినీళ్ల కుళాయి తిప్పగానే బుస్సుమని ఒక్క పోటు వస్తుంది, ఆ తర్వాత ధార మామూలైపోతుంది. పాత గీజరుకు ఇలా ఉండేది కాదు. కొత్తది కదా, ఫోర్సు బాగుందనుకుని సంతోషించాను కూడా.

నేను 31 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. కాగితం తీసి కూర్చున్నాను. మా గీజరు 15 లీటర్లది. నీళ్లు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 1.4 శాతం పెరుగుతాయి. 15 లీటర్లకు అది 210 మిల్లీలీటర్లు, గ్లాసుడు నీళ్లు. కుళాయిలన్నీ మూసి ఉన్నప్పుడు ఈ గ్లాసుడు నీళ్లూ ఎక్కడికి పోవాలి?

పాత గీజరున్న రోజుల్లో అవి వచ్చిన దారినే వెనక్కి, డాబా మీది ట్యాంకు వైపు నెట్టుకుపోయేవి. కొత్త గీజరుకు చన్నీళ్లు వచ్చే చోట ఒక చిన్న ఇత్తడి వాల్వు పెట్టారు. అది నీళ్లను లోపలికి రానిస్తుంది గానీ వెనక్కి పోనివ్వదు. లోపల ప్రెజర్ హద్దు దాటితే మాత్రం తన పక్కనున్న చిన్న రంధ్రంలోంచి చుక్కలుగా వదిలేస్తుంది. గీజరు వేడెక్కేటప్పుడు అక్కడి నుంచి నీళ్లు కారుతున్నాయంటే వాల్వు తన పని తాను చేస్తోందన్నమాట.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. గీజరు పెట్టిన రెండో రోజే ఆ చుక్కలు చూశాను. బిగించిన అబ్బాయిని పిలిచి, "కొత్త గీజరు కారడమేంటి బాబూ?" అని గట్టిగానే అడిగాను. అతను సంచిలోంచి ఒక ప్లగ్గు తీసి, తెల్ల టేపు చుట్టి, ఆ రంధ్రానికి బిగించేశాడు. "ఇంక ఒక్క చుక్క రాదమ్మా" అన్నాడు. థాంక్స్ చెప్పి పంపించాను. గీజరుతో వచ్చిన పుస్తకంలో, వేడెక్కేటప్పుడు అక్కడ చుక్కలు పడటం సహజమనీ, ఆ దారి మూయకూడదనీ చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో రాసి ఉంది. నేను చదివింది తర్వాత. ప్రశ్న పూర్తిగా చదివాకే జవాబు మొదలుపెట్టండని పిల్లలకు అన్నేళ్లు చెప్పినదాన్ని!

ఇదంతా అర్థమయ్యాక, టైల్స్ తీస్తానన్నతన్ని ఆపి తెలిసినవాళ్ల ద్వారా ఒక పెద్దాయనను పిలిపించాను. ఆయన గోడ వైపు చూడనే లేదు. ముందు మెయిన్‌లో కరెంటు ఆపి, వేడినీళ్ల కుళాయి తిప్పి చన్నీళ్లు వచ్చేదాకా వదిలి, అప్పుడు ఆ ప్లగ్గు తీశారు. "గోడ తడిస్తే ఆరుతుందమ్మా, ఇది ముఖ్యం" అన్నారు. థర్మోస్టాట్ ఎప్పుడైనా మొండికేసి, దాని వెనకున్న కటౌట్, అంటే వేడి మితిమీరితే కరెంటు ఆపేసే స్విచ్, కూడా పనిచేయకపోతే ఆ వాల్వు ఒక్కటే దిక్కట. దాన్ని మూసేస్తే ట్యాంకు పగిలే ప్రమాదం ఉందని ఆయన మామూలుగా చెప్పుకుపోతుంటే నాకు కాళ్లు వణికాయి. అదే బాత్రూములో నా మనవడు స్నానం చేస్తాడు.

తర్వాత వేడినీళ్ల లైనుకు గేజీ పెట్టారు. ముల్లు నిలబడలేదు. రెండే రెండు టైల్స్ తీస్తే అతుకు బయటపడింది. గోడలో ఉన్నది సీపీవీసీ అనే వేడినీళ్ల ప్లాస్టిక్ పైపు, 93 డిగ్రీల దాకా తట్టుకునేది. ఎప్పుడో మిక్సరు మార్చినప్పుడు ఎవరో మధ్యలో జానెడు తెల్లటి యూపీవీసీ ముక్క అతికించారు. అది చన్నీళ్లకు వాడాల్సిన పైపు, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. అయినా ఇన్నేళ్లూ ఓర్చుకుంది, ఎందుకంటే మా ట్యాంకు కుళాయికి ఏడు మీటర్ల ఎత్తులోనే ఉంది. పది మీటర్ల నీటి ఎత్తుకు దాదాపు ఒక బార్ ప్రెజర్ అనుకుంటే, ఆ అతుకు మీద ఉన్నది 0.7 బార్. కొత్త వాల్వు మీద 8 బార్ అని అచ్చు వేసి ఉంది. అంటే వాల్వు తెరుచుకునేలోపే ప్రెజర్ పదకొండు రెట్లు దాటగలదు. ప్లగ్గు లేకపోయినా ఆ అతుకు ఎన్నో రోజులు ఆగేది కాదని పెద్దాయన అభిప్రాయం. ప్లగ్గుతో ఆ 8 హద్దు కూడా లేకుండా పోయింది.

అందుకే నా తగవు గీజరుతో కాదు. గీజరుకున్న రెండు గొట్టాల దగ్గరితో తమ పని అయిపోయిందని బిగించేవాళ్లు అనుకునే పద్ధతితో. బిగించినప్పుడు ఇచ్చిన కార్డులో సీరియల్ నంబరుకు గడి ఉంది, తేదీకి ఉంది, నా సంతకానికి ఉంది. గోడలో ఏ పైపు ఉందో, వేడినీళ్ల లైను పరీక్షించారో లేదో రాయడానికి మాత్రం గడి లేదు. పావుగంట గేజీ పెట్టి చూసుంటే ఆ అతుకు ముందే బయటపడేది. వాల్వు రంధ్రానికి సన్నటి గొట్టం తగిలించి, మెలిక పడకుండా కిందికి దించి, చివర మూయకుండా నీళ్లు పోయే జాలీ దగ్గర వదిలితే చాలు, గోడ మీద చుక్కలు పడవు. నాలాంటివాళ్లు సతాయించనూ సతాయించరు. పెద్దాయన పది నిమిషాల్లో పెట్టిపోయారు.

చుక్కలన్నీ ఒకటి కావని కూడా ఆయన చెప్పారు. గీజరు ఆన్‌లో ఉన్నంతసేపు పడి, తర్వాత ఆగిపోతే దిగుల్లేదు. ఆపేసినా రోజంతా కారుతుంటే లైనులో ప్రెజర్ ఎక్కువైనా అయి ఉండాలి, వాల్వులో ఉప్పో మట్టో ఇరుక్కునైనా ఉండాలి. ట్యాంకు ఒంటి నుంచే కారుతుంటే మాత్రం కరెంటు ఆపి కంపెనీని పిలవాల్సిందే.

కింది ఆవిడ గోడ ఇంకా ఆరుతోంది. పూర్తిగా ఆరాక పెయింటు మేమే వేయిస్తామన్నాం. ఇప్పుడు నా బెంగ వేరే ఇళ్ల గురించి. "నేను అందరికీ ఇలాగే బిగిస్తానమ్మా, ఎవరూ కంప్లయింట్ చేయలేదు" అన్నాడు ఆ అబ్బాయి నాతో. ఆ ఇళ్లకు మనిషిని పంపి చూపించండని కంపెనీకి రెండుసార్లు రాశాను. జవాబు లేదు. వాళ్లలో ఎవరైనా మీ పత్రిక చదువుతుంటే, గీజరు కింద ఇత్తడి వాల్వుకు పక్కన తెల్ల టేపు చుట్టిన ప్లగ్గు ఉందేమో ఈరోజే చూడండి. ఉంటే స్విచ్ వేయకండి. దాన్ని మీరే తిప్పొద్దు, తెలిసిన ప్లంబరును పిలిచి తీయించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచరు