ముప్పై మంచాలకు ఒక్కతే సిస్టర్

అయ్యా,

మొన్న వానాకాలంలో మా అమ్మ తుంటి విరిగితే వరంగల్‌లో ఒక ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాం. రాత్రిళ్లు ముప్పై మంచాలకు ఒక్కతే సిస్టర్. ఆ పిల్ల తెల్లార్లూ కూర్చున్నది నేను చూడలేదు. అమ్మను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని ఆమెకు తెలుసు, చెయ్యి పట్టడానికి రెండో మనిషే లేదు. ఐదో రోజు నడుము కింద రూపాయి బిళ్లంత ఎర్రమచ్చ కనిపించింది. ఏడో రోజుకు తోలు ఊడింది. ఎముక అతికినా ఆ పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. ఆ సిస్టర్‌ను నేను ఒక్క మాట అనలేను.

తొమ్మిది యూరప్ దేశాల ఆసుపత్రుల లెక్కలు తీసి నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసింది: నర్సు మీద ఒక్క రోగి అదనంగా పడితే, ఆపరేషన్ అయినవాళ్లు నెలలోపు చనిపోయే ముప్పు 7 శాతం పెరుగుతోందట.

ములుగుకు, భూపాలపల్లికి మెడికల్ కాలేజీలొచ్చాయి, సంతోషం. వరంగల్ పాత జైలు స్థలంలో 24 అంతస్తుల ఆసుపత్రి కడుతున్నారు. అన్ని అంతస్తులకు సరిపడా నర్సులను ముందే తీసుకోండి. ప్రతి వార్డు తలుపు మీద, ఈ షిఫ్టులో రోగులెందరు, నర్సులెందరు అని సుద్దముక్కతోనైనా రాయించండి.

– ఒక రిటైర్డ్ టీచర్, పరకాల