ఆన్‌లైన్ పాఠమంటే గంట వీడియోయేనా?

అయ్యా, మన శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు చూసే చాలా ఆన్‌లైన్ కోర్సుల్లో ఉండేది గంట వీడియో, చివర పది బిట్లు. విద్యార్థి తనకు తెలిసినదానిమీదే కొత్తది కట్టుకుంటాడన్న మనస్తత్వవేత్త పియాజే, తోటివారి సాయంతో ఇంకో మెట్టు ఎక్కుతాడన్న మరో మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ బీఈడీ పరీక్షకే పరిమితమయ్యారు.

సాంద్రత పాఠమే తీసుకోండి. నిర్వచనంతో మొదలుపెట్టొద్దు. విత్తనపు వడ్లను ఉప్పునీళ్లలో పోసి తాలు తేల్చడం రైతు ఇళ్లలో ఎరిగినదే. మరి గ్లాసు నీళ్లలో గుడ్డు మునుగుతుందా, తేలుతుందా? ముందు ఊహ రాయించాలి. అది పంపేదాకా వీడియో తెరుచుకోకూడదు. తర్వాత చెంచా చొప్పున ఉప్పు కలుపుతూ, గుడ్డు తేలేదాకా లెక్క రాసి ఫొటో పంపాలి. నలుగురైదుగురి జట్టులో ఆ లెక్కలు పోల్చుకోవాలి. తేడాలు తప్పక వస్తాయి: ఒకరి గుడ్డు పాతది, ఇంకొకరి చెంచా పెద్దది. అసలు చదువు ఆ తగాదాలోనే ఉంది. వీడియో ఆ తర్వాతే, ఐదారు నిమిషాలు చాలు.

అరవైమందిని ఒకే వాట్సాప్ గ్రూపులో వేస్తే ఇద్దరు రాస్తారు, మిగతావారు బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకుంటారు. 'మీరే కనుక్కోండి' అని వదిలేసినా చెడుతుంది. కొత్తవారు తికమకపడి మానేస్తారు. సాంద్రత లెక్కల్లో మొదటిది చేసి చూపి, రెండోది సగంలో ఆపి, మూడోది పూర్తిగా వారికివ్వాలి. పరిశీలన రాతకు సగం మార్కులైనా లేకపోతే మాత్రం అందరూ మళ్లీ బిట్లకే పోతారు.

– భౌతికశాస్త్ర అధ్యాపకులు, విజయనగరం