మీ మాట విన్న తల్లుల సంగతి ఏమిటి?

రాష్ట్ర వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నెల్లూరు జిల్లా ఉదయగిరి మెట్ట ప్రాంతంలో ముప్పై ఏళ్లకు పైగా ఏఎన్‌ఎంగా (పల్లెల్లో తిరిగే ఆరోగ్య నర్సుగా) పనిచేసి విరమణ పొందినదాన్ని. కుటుంబ నియంత్రణ గుర్తయిన ఎర్ర త్రికోణం బొమ్మలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ‘ఇద్దరు చాలమ్మా’ అని చెప్పాను. ఒప్పుకున్న ప్రతి తల్లినీ ఆపరేషన్‌కు వెంటబెట్టుకుని వెళ్లి, కుట్లు మానేదాకా చూసుకున్నాను. వాళ్లలో చాలామందికి అప్పటికి పాతికేళ్లయినా నిండలేదు.

ఆ పని తప్పని నేను ఇప్పటికీ అనుకోను. కాన్పు మీద కాన్పుతో రక్తం లేక పాలిపోయిన ముఖాలను చూసినదాన్ని. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి మన రాష్ట్రంలో సంతాన రేటు, అంటే ఒక స్త్రీ సగటున కనే పిల్లల లెక్క, 1.7కు దిగింది. తరానికి తరం నిలవాలంటే 2.1 ఉండాలి. పెళ్లైన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల లెక్క చెప్పుకోదగ్గది కాదు. ఈ భారమంతా ఆడవాళ్లే మోశారు.

ముగ్గురు పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేయకూడదని 1994లో చట్టం తెచ్చారు. 2024లో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు ఎక్కువ మందిని కనమంటున్నారు. దక్షిణ కొరియా ఎంత డబ్బు పోసినా 2023లో సంతాన రేటు 0.72కు పడిపోయింది. మన అమ్మాయిలు కూడా పిలుపులు విని కనరు. కన్నవాళ్లు చివరికి ఎలా బతుకుతున్నారో చూసి నిర్ణయించుకుంటారు.

ఒక్క ఇంటి సంగతి చెబుతాను. నేను ఆపరేషన్‌కు తీసుకువెళ్లిన ఒక తల్లికి ఇప్పుడు డెబ్బై దాటాయి. ఫ్లోరైడ్ నీళ్లకు మోకాళ్లు వంగిపోయాయి. కొడుకు బెంగళూరులో, కూతురు చెన్నైలో ఉంటారు. ఇద్దరూ మంచివాళ్లే, డబ్బు పంపుతారు, రోజూ ఫోను చేస్తారు. ఆమె ఒక రాత్రి దొడ్లో జారిపడింది. తెల్లవారి పాలబ్బాయి వచ్చేదాకా అక్కడే పడి ఉంది. లోపల మంచం మీద ఫోను మోగుతుంటే వినపడుతూనే ఉందట, అందుకోలేకపోయింది. నేను వెళ్లగానే చేయి పట్టుకుని, “నువ్వు చెప్పినట్టే విన్నాను కదమ్మా” అంది. నిందించలేదు. అయినా ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ఒకటో తేదీన నాలుగు వేల రూపాయల పింఛను గడపకే వస్తోంది, సంతోషం. మిగతా రోజుల్లో ఆ గడప తొక్కేవాళ్లు ఎవరు? జిల్లాకొక వృద్ధాశ్రమమైనా ఉండాలని 2007 నాటి చట్టం చెబుతోంది. కానీ పుట్టి పెరిగిన ఊరు వదిలి ఆశ్రమానికి వెళ్లడానికి వీళ్లలో ఎక్కువమంది ఇష్టపడరు. అందుకే అడుగుతున్నాను. ప్రతి గ్రామ సచివాలయం పరిధిలో, ఒంటరి వృద్ధుల ఇళ్లకు రోజూ వెళ్లి వచ్చే శిక్షణ పొందిన మనిషిని నియమించండి. పిల్లలు లేక మూతపడిన బడి గదుల్లో పగటిపూట వాళ్లు కూర్చోవడానికి, వేడి అన్నం తినడానికి ఏర్పాటు చేయండి.

నా పాత రిజిస్టర్లలోని పేర్లు నాకింకా గుర్తున్నాయి. కొత్తగా వచ్చే అమ్మాయికి ఆ ఇళ్లన్నీ నేనే తిరిగి చూపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఏఎన్‌ఎం,
నెల్లూరు జిల్లా